దొంగతిండి

‘గిల్టీ ప్లెజర్’కి తెలుగులో మాట లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఉంది, దొంగతిండి. మధ్యాహ్నం పెద్దవాళ్ళు కునుకు తీస్తుంటే వంటింట్లోకి పోయి, మూత చప్పుడు కాకుండా తీసి, బెల్లం ముక్కో, మీగడా పంచదారో, హార్లిక్స్ పొడో గబుక్కున నోట్లో వేసుకోవడం. హార్లిక్స్ పొడైతే అంగిలికి అంటుకుపోతుంది. ఆ టైములో ఎవరైనా పిలిస్తే పలకలేం. దొరికిపోయేది అక్కడే.

రెండు మాటలకీ తేడా ఉంది. ఇంగ్లీషు మాట మన లోపలుండే బాధ గురించి చెప్తుంది. మన మాట బయటుండే మనిషి గురించి చెప్తుంది. దొంగనిద్ర, దొంగజ్వరం, దొంగేడుపు, ఏది తీసుకున్నా ఎదురుగా నమ్మించాల్సినవాళ్ళో, కళ్ళుగప్పాల్సినవాళ్ళో ఒకరుండాలి. ఖాళీ ఇంట్లో ఎవరికీ దొంగజ్వరం రాదు. భాగవతంలో కృష్ణుడి సంగతీ అంతే. నందుడి ఇంట్లో వెన్నకి కరువా? మరి పక్కిళ్ళ ఉట్లకి ఎగబాకడం దేనికి? పోతన గోపికలు యశోద ముందు నిలబడి వరసపెట్టి చేసే ఫిర్యాదులు చదివితే అర్థమవుతుంది. పట్టుకునేవాళ్ళు, చాడీలు మోసేవాళ్ళు, అవన్నీ వినే అమ్మ, ఇంతమంది పోగైతే తప్ప ఆ వెన్నకి ఆ రుచి రాదు.

నా ఇబ్బందల్లా ఏంటంటే, నేను పదకొండేళ్ళుగా యశోద లేని ఇంట్లో ఉంటున్నాను.

వయసు ముప్ఫై ఆరు. కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, ఒక్కణ్ణే. ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ బోర్డులున్న ఓ పాతిక గేట్ల ముందు నిలబడి, ‘బ్యాచిలర్స్‌కి ఇవ్వం బాబూ’ అనిపించుకున్నాక దొరికిన ఇల్లు. (బ్యాచిలర్ అంటే ఓనర్ల భయం ఏంటో నాకిప్పటికీ సరిగ్గా తెలీదు. మేం చేసేవి వాళ్ళు ఊహించుకునేవాటికన్నా చాలా చప్పగా ఉంటాయి.) ఇంట్లో హార్లిక్స్ సీసా నాదే, చెంచా నాదే. రాత్రి రెండింటికి సగం సీసా ఖాళీ చేసినా అడిగేవాళ్ళు లేరు. మొదటి ఏడాది స్వర్గంలా ఉండింది. ఆ తర్వాత ఎప్పుడో గమనించాను, పొడికి రుచి తగ్గింది. కొన్నాళ్ళు కంపెనీవాళ్ళే ఏదో మార్చేశారనుకున్నాను. సెలవులకి ఏలూరు వెళ్ళినప్పుడు అమ్మ హాల్లో సీరియల్ చూస్తుంటే వంటింట్లో నిలబడి ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. అదే రుచి. ఏమీ మారలేదు.

మా బ్యాచ్ గురించి చెప్పాలి. ఆరుగురం. అందరం ముప్ఫైలలో ఉన్నవాళ్ళం, అందరం వేరువేరు ఫ్లాట్లలో ఒంటరిగా ఉండేవాళ్ళం. ఒకతనికి మాత్రం పెళ్ళయి, రెండేళ్ళకి విడాకులయ్యాయి. నెలకి రెండుసార్లు శుక్రవారం రాత్రి ఎవరో ఒకరి ఇంట్లో చేరతాం. ఒకసారి వానకి కరెంటు పోయి, ఫోన్లలో ఛార్జింగు కూడా అయిపోయి, చేసేదేం లేక కూర్చున్నప్పుడు గుంటూరు అబ్బాయి ఉన్నట్టుండి చెప్పాడు. తను రాత్రి భోజనం కంచంలో తినడట. కుక్కర్ గిన్నెలో మిగిలిన చల్లన్నంలోనే ఆవకాయ వేసి, నూనె ఒంపుకుని, సింకు పక్కన నిలబడి తినేస్తాడట. కంచం కడగక్కర్లేదు, కూర్చోనక్కర్లేదు, చేతిమీదుగా కారింది కారినట్టు సింకులోకే పోతుంది. ‘వారంలో ఐదు రోజులు ఇంతేరా’ అన్నాడు.

మేమంతా ఒక్కసారిగా ‘ఛీ’ అన్నాం. చీకట్లో అతని మొహం కనపళ్ళేదు కానీ, ఎంత సంతోషించాడో గొంతులో తెలిసిపోయింది.

అప్పట్నుంచి అదో ఆటైపోయింది. ఒకళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు ‘ఛీ’ అనాలి. ‘అందులో తప్పేముంది’ అనడం, ‘సెల్ఫ్ కేర్’ అనడం నిషేధం. ఓదార్చకూడదు, తిట్టాలి. ఇంట్లో లేని యశోదని నెలకి రెండుసార్లు ఒకరికొకరం అద్దెకి తెచ్చుకుంటున్నాం అన్నమాట.

విడాకులైన మిత్రుడి వంతు వచ్చినప్పుడు, డబుల్ కాట్ మంచం మీద ఐమూలగా పడుకుంటానన్నాడు. రెండు దిళ్ళూ తనే వాడతాడట, ఒకటి తలకింద, ఒకటి కాళ్ళకింద. ఛీ అన్నాం కానీ కొంచెం మెల్లిగా అన్నాం.

వైజాగ్ అబ్బాయిది వేరే కథ. ఐఐటీలో చదివాడు, డేటా సైన్స్ చేస్తాడు, సినిమాకి తీసుకెళ్తే ఇంటర్వెల్లోనే స్క్రీన్‌ప్లే లోపాలు చెప్తాడు. అలాంటివాడు ‘కార్తీకదీపం’ ప్రతి ఎపిసోడూ చూశాడు. 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసిన సీరియల్, ప్రతి ఎపిసోడూ అంటే మాటలు కాదు. మొదట్లో ఒకటిన్నర స్పీడులో చూస్తాననీ, కథనం మీద స్టడీ చేస్తున్నాననీ బుకాయించాడు. ఒక డీఎన్ఏ టెస్టుతో తేలిపోయే అనుమానాన్ని ఏళ్ళ తరబడి ఎలా లాగుతున్నారో చూస్తున్నాడట. మేం వదల్లేదు. చివరికి అసలు సంగతి బయటికొచ్చింది. విజయనగరంలో వాళ్ళమ్మమ్మ ఆ సీరియల్ చూసేదట. ఫోన్ చేస్తే ‘తిన్నావా’, ‘తిన్నాను’ తర్వాత మాట్లాడుకోవడానికేం ఉండేది కాదు. వంటలక్కకి జరుగుతున్న అన్యాయం గురించైతే ఇద్దరూ అరగంట మాట్లాడుకునేవారు. అది వినగానే అందరి మొహాలూ మెత్తబడ్డాయి. ఇది గిల్టీ ప్లెజరే కాదు, లెక్కలోకి రాదు అని తీర్పు చెప్పబోయాం. అతనే ఆపాడు. ‘అమ్మమ్మ పోయింది. ఆ తర్వాత కూడా చూశాను. డాక్టర్‌బాబు బాగుంటాడు’ అన్నాడు.

ఛీ!

నాది పుస్తకాల దొంగతనం. మా ఇంట్లో పుస్తకాల అరలో రెండు వరసలున్నాయి. ముందు వరసలో చాసో, రావిశాస్త్రి, కుటుంబరావు, గోపీచంద్. ఇంటికొచ్చినవాళ్ళకి కనపడే వరస అది. వెనక వరసలో మధుబాబు షాడో నవలలు, కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, యద్దనపూడి సులోచనారాణి. షాడో పరిచయం ఇంజినీరింగ్ హాస్టల్లో. చేతులు మారీ మారీ చివరి పేజీలు పోయిన కాపీలు ఉండేవి, ముగింపు సీనియర్లు నోటితో చెప్పేవాళ్ళు. ఒక్కో సీనియర్ ఒక్కో ముగింపు చెప్పేవాడు. ఇప్పుడు ఆదివారం పూట ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అవే నవలలు చివరి పేజీ ఉందో లేదో చూసుకుని మరీ కొంటుంటాను.

ఇది చెప్పినప్పుడు ఎవరూ ఛీ అనలేదు. పైగా ‘కూల్’ అన్నారు. నాకది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో ఇంటికొచ్చాక ఆలోచించాను. 1978లో ‘ఫిల్మ్ కామెంట్’ పత్రికలో మార్టిన్ స్కోర్సేసీ తన గిల్టీ ప్లెజర్స్ జాబితా ఇచ్చాడు. హవర్డ్ హాక్స్ తీసిన ‘ల్యాండ్ ఆఫ్ ది ఫారోస్’ లాంటివి ఉంటాయి అందులో. ‘టాక్సీ డ్రైవర్’ తీసిన మనిషి చెప్తే ఎవరు ఛీ అంటారు? ‘ఆహా, ఈయనకి ఇవి కూడా నచ్చుతాయా’ అంటారు. అభిరుచి విషయంలో ముందే పరువు సంపాదించుకున్నవాడికి ఇలాంటి ఒప్పుకోలు ఒక నగ. ముందు వరస ఉంది కాబట్టే నా వెనక వరస కూల్ అయ్యింది. ముందు వరస లేనివాళ్ళు షాడో చదివితే దాన్ని షాడో చదవడం అంటారు, అంతే.

మా అమ్మకి ముందు వరస లేదు. పెళ్ళికి ముందూ, తర్వాతా ఆవిడ చదివింది యద్దనపూడినే. ‘సెక్రటరీ’ ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో వచ్చిన సినిమా చూసి, పుస్తకంలో జయంతి ఇలా ఉండదని నాన్నతో వాదించిందట. ఆవిడ పుస్తకం దాచుకునేది, అది నాకు బాగా గుర్తు. బియ్యం డబ్బా వెనక పెట్టేది. నేను పెద్దయ్యి విమర్శా గట్రా చదవడం మొదలెట్టాక, పగటికలల నవలలు చదువుతున్నందుకు సిగ్గుపడి దాచుకునేదేమో అనుకున్నాను. ఆవిడకి అలాంటి సిగ్గేమీ లేదు. యద్దనపూడి రచనా స్థాయి ఏంటన్న ప్రశ్నే ఆవిడ బుర్రలోకి రాలేదు. ఆవిడ దాచింది కూర్చోవడాన్ని. పట్టపగలు, పొయ్యి మీద ఎసరు పెట్టి, ఇంటి కోడలు గోడకి జేరబడి ఇరవై నిమిషాలు కూర్చుందన్న సంగతిని. అటు చేత్తో గరిటె, ఇటు చేత్తో జపమాల పట్టుకున్నా ఎవరూ ఏమీ అనేవారు కాదు. పుస్తకం పట్టుకుంటేనే మా నానమ్మ దగ్గేది.

ఇప్పుడు ‘సెక్రటరీ’ చదివితే నాకు నచ్చేది రాజశేఖరం గారి ఠీవి కాదులెండి. ఉద్యోగం చేసుకుంటూ, ఎవరి దయా అక్కర్లేదన్నట్టు తిరిగే అమ్మాయి అహం చుట్టూ కథంతా నడపడం. అది మా అమ్మ ఎసరు మరిగేలోపు చదువుకునేది.

మా బ్యాచ్‌లో ఇద్దరు అమ్మాయిలున్నారు. నెల్లూరు అమ్మాయి దగ్గరున్నన్ని గిల్టీ ప్లెజర్స్ మా నలుగురి దగ్గరా కలిపినా లేవు. ఆదివారం సాయంత్రం నాలుగింటిదాకా స్నానం చేయకపోవడం, సెకండ్ షోకి ఒక్కతే వెళ్ళడం, రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర తొందరేం లేకుండా రెండో టీ తాగడం, పక్కింటి ఆంటీ బెల్ కొడితే ఇంట్లో లేనట్టు ఊపిరి బిగబట్టడం. మేం నవ్వుతుంటే ఒకటే మాట అంది: ‘వీటిలో సగం మీరు రోజూ చేసేవేగా? మీకు ఛీ రాదు, నాకొస్తుంది. నేను పెద్ద దొంగనని కాదు. నాకు కాపలా ఎక్కువ.’ వాళ్ళ అపార్ట్‌మెంట్‌లో ఆవిడ రాత్రి ఎన్నింటికొచ్చిందో వాచ్‌మన్‌కి తెలుసు, అసోసియేషన్ సెక్రటరీకి తెలుసు, మూడో ఫ్లోర్ తాతగారికి తెలుసు. యశోద లేని ఇల్లు అన్న నా సిద్ధాంతం మగవాళ్ళకే పనికొస్తుందని ఆ రోజు తేలింది. ఆడవాళ్ళకి ఇంట్లో యశోద లేకపోయినా వీధి నిండా గోపికలే.

ఈ ఆట వల్ల ఒక లాభం ఉంది. రెండేళ్ళ క్రితం నాకు వారం రోజులు జ్వరమొచ్చింది. మూడో రోజు గుంటూరు అబ్బాయి వచ్చాడు. సంచీలో మందులు, కొబ్బరిబోండాలు, ఒక హార్లిక్స్ సీసా. పాల ప్యాకెట్ తేలేదు. ‘నువ్వెలాగూ పాలల్లో కలపవు కదరా’ అన్నాడు. నాకేం ఇష్టమో ఆఫీసులో పాతికమందికి తెలుసు, పుట్టినరోజుకి ఏ కేకు తేవాలో వాళ్ళ దగ్గర లిస్టుంటుంది. ఎవరూ చూడనప్పుడు ఏం తింటానో తెలిసినవాళ్ళు ఐదుగురు.

ఇక వరంగల్ అమ్మాయి. ఆమె చాలాకాలం ఆట ఆడలేదు. వినేది, ఛీ అనేది, తన వంతు వస్తే ‘నాకేం లెవ్వు’ అనేది. పోయినేడు ఒక శుక్రవారం అందరం లేవబోతుంటే, చెప్పులేసుకుంటూ అంది:

‘నాకు ఇట్ల ఒక్కదాన్నే ఉండుడు మంచిగనిపిస్తది. అదే నా గిల్టీ ప్లెజర్.’

మేం నవ్వబోయాం. ఆమె నవ్వట్లేదు. ‘ఆఫీస్ నుంచి వచ్చి తాళం తీస్త కదా. లోపల ఎవ్వరు లేరని తెల్వంగనే పానం లేచొస్తది. లైటు గూడ ఎయ్య. పది నిమిషాలు అట్లనే కూసుంట.’

ఎవరూ ఛీ అనలేదు. ‘కూల్’ కూడా అనలేదు. ఇది అందరం దాస్తున్న సీసా. ముప్ఫై దాటిన ఒంటరి మనిషికి లోకం ఒక వేషం రాసిపెట్టింది. పెళ్ళి ఎందుకు కాలేదంటే ఒక నిట్టూర్పు, పండక్కి ఒక్కడివే వచ్చావా అంటే ఒక వెర్రినవ్వు. ఈ వేషం వేస్తున్నంతసేపూ అందరూ మనమీద దయగా ఉంటారు. పిన్నులు సంబంధాలు చూస్తారు, మేనమామలు భుజం తడతారు. బాగానే ఉన్నానండీ, చెప్పాలంటే చాలా బాగున్నాను అని చూడండి, ఆ చెయ్యి భుజం మీంచి లేచిపోతుంది. ఒంటరితనం మీద కథలు కుప్పలుగా వస్తున్నాయి, నేనే కొన్నింటికి సమీక్షలు రాశాను. వాటిలో ఏ పాత్రా సాయంత్రం ఇంటికొచ్చి తాళం తీసి హాయిగా ఊపిరి పీల్చుకోదు. అందరూ కిటికీలోంచి వాన చూస్తుంటారు. కిటికీలోంచి వాన నేనూ చూస్తాను. పకోడీలు తింటూ చూస్తాను.

జ్వరమొచ్చిన వారం ఇదే మాట అనగలిగేవాణ్ణా అంటే, అనలేను. మూడు రోజులపాటు ఇల్లంతా బావిలా ఉండింది. నాలుగో రోజు జ్వరం దిగాక మళ్ళీ నా ఇల్లే.

అమ్మ రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తుంది. ‘తిన్నావా నాన్నా?’ అంటుంది. ఆ క్షణంలో నేను ఏం చేస్తున్నా సరే, కాళ్ళు బల్లమీద పెట్టుకుని యుగంధర్ చదువుతున్నా సరే, నా గొంతు దానంతటదే రెండు మెట్లు దిగుతుంది. ‘ఆఁ, తిన్నానమ్మా’ అంటాను, కొంచెం నీరసంగా. ‘ఒక్కడివీ ఎలా ఉంటున్నావో ఏంటో’ అంటుంది. ‘ఏదోలే అమ్మా’ అంటాను. దొంగజ్వరం లాంటిదే ఇది, దొంగదిగులు. పెళ్ళయిన నలభై ఏళ్ళల్లో ఆవిడ ఒక్క రాత్రి కూడా ఇంట్లో ఒంటరిగా పడుకోలేదు. ఒక గది తలుపు తనకంటూ వేసుకుని ఎరగదు. నాకు బాగుందమ్మా అంటే, ఆ మాట ఆవిడ జీవితం మీద తీర్పులా వినిపిస్తుందేమోనని నా భయం.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అడిగాను, ‘అమ్మా, మాకెవ్వరికీ తెలీకుండా నువ్వేం తినేదానివి?’ అని. ‘నాకెందుకురా దొంగతిండి, వండేదాన్ని నేనే కదా’ అంది. కాసేపాగి, పాలగిన్నె అడుగున అంటుకున్నదాన్ని అట్లకాడతో గీకి, పంచదార చల్లుకుని తినేదాన్నని చెప్పింది. అందరూ పడుకున్నాక, గిన్నె తోమేముందు. వంటింటి లైటు తీసేసి, పెరటి గడప మీద కూర్చుని. నేను ఆట రూలు ప్రకారం ఛీ అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. తర్వాత, ‘ఆ పది నిమిషాలూ ఎవ్వరూ పిలిచేవాళ్ళు కాదు’ అంది.

అప్పుడు నా నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. హార్లిక్స్ సంగతి మాత్రం చెప్పాను. ‘షుగరొచ్చి చస్తావు’ అని తిట్టింది.

హైదరాబాద్ వచ్చాక వరంగల్ అమ్మాయిని అడిగాను, ఇంట్లో ఎప్పుడైనా చెప్పావా అని. ‘చెప్పిన’ అంది. ‘అమ్మ మూడు దినాలు మాట్లాడలే.’

‘నాలుగో రోజు?’

‘ఫోన్ జేసి, రాత్రి లోపలికెల్లి గొళ్ళెం సక్కగ పెట్టుకుంటున్నవా లేదా అని అడిగింది.’